దీవి తీరమును మన తీరమును

వేసవి సెలవులు సమీపించిన కొలదిని మా విద్యార్థులు వేయు మొదటి ప్రశ్న "సముద్రమునకు ఎప్పుడు తీసికొనిపోవుదురు?" అనునదియే. జువ్వలదిన్నెలో సముద్రమును చూడగోరువాడు దూరము పోనక్కరలేదు. అయినను చూచుట వేఱు, ఎఱుగుట వేఱు. పట్టపుపాలెముల పిల్లలు అలను చూచి గాలిని చెప్పగలరు. మెట్టయూళ్ల నుండి వచ్చి మా వసతిగృహమున నుండు పిల్లలకు ఆ యెఱుక లేదు. వారిని నీటియొద్దకు గొనిపోవునప్పుడెల్ల మా గుండె కొంత బరువెక్కుచుండును. కావున పేరొందిన యొక దీవి తీరమును మన తీరముతో పోల్చి, తీరమునకు పోవువారు ఎఱుగవలసిన సంగతులను కొన్ని ఇచట వివరింప నుద్యుక్తుల మైతిమి.

అండమాను దీవులలో హావెలాక్ అను దీవి కలదు. దానికి 2018వ సంవత్సరమున స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చిరి. పోర్టు బ్లెయిరు, అనగా 2024 నుండి శ్రీ విజయపురము అనబడు పట్టణము, నుండి ఓడలో సుమారు రెండు గంటల ప్రయాణము. ఆ దీవి పడమటి ప్రక్కనున్నదే రాధానగర్ తీరము. 2004లో టైమ్ పత్రిక దానిని ఆసియాఖండమున నుత్తమ తీరముగ పేర్కొనెను. ఆ దీవులు మనకు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారము అచటివారిలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాటలాడువారే. చెన్నపట్టణము నుండియు విశాఖపట్టణము నుండియు ఓడలు అచటికి పోవుచుండును.

మన తీరము తూర్పునకు ముఖమై యున్నది గనుక సూర్యుడు నీటి నుండి పైకి వచ్చుట చూతుము. రాధానగర్ పడమటికి ముఖమై యున్నది గనుక అచటివారు సూర్యుడు నీటిలో దిగుట చూతురు. అచటి నీరు నీలముగ నుండుటకును, మన నీరు తఱచు మట్టిరంగుగ నుండుటకును కారణ మేమి? గోదావరియు, కృష్ణయు, మన పెన్నయు వండలిని తెచ్చి ఈ తీరమున పోయుచున్నవి. చిన్న దీవులకు అట్టి మహానదులు లేవు. తేటనీటిలో పగడపు పురుగులు పెరుగును. వాని గుల్లల పొడియే అచటి తెల్లని యిసుక. అయితే మన మట్టినీరు నిందింప దగినది కాదు. ఆ వండలితో వచ్చు సారమే చేపలకు ఆహారమగును, ఆ చేపలే మన పాలెములకు అన్నము పెట్టును.

ఇక యాత్రికుల సౌకర్యముల మాట. 2020వ సంవత్సరమున మన దేశమందలి ఎనిమిది తీరములకు "నీలిజెండా" అను గుర్తింపు వచ్చెను. రాధానగరును, మన విశాఖపట్టణపు రుషికొండయు అందులోనివి. డెన్మార్కు దేశమున కార్యస్థానము గల సంఘ మొకటి దీనిని ఇచ్చును. దీనికి 33 నియమములు కలవు. స్నానపు నీటిని వేళకు పరీక్షింపవలెను. మరుగుదొడ్లును, బట్టలు మార్చుకొను గదులును ఉండవలెను. చెత్తను వేరుచేయు తొట్లు పెట్టవలెను. ప్రాణరక్షకులును, ప్రథమచికిత్సకు వలయు పెట్టెయు సిద్ధముగ నుండవలెను. ఈ గుర్తింపు శాశ్వతము కాదు, ఏటేట తిరిగి సంపాదింపవలసినదే. రుషికొండకు 2025లో అది కొన్ని దినములు నిలిపివేయబడి, లోపములు సవరించిన పిమ్మట మరల లభించెను. కట్టుట కంటె కాపాడుకొనుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

ఈ సౌకర్యములలో మిక్కిలి ముఖ్యమైనది ప్రాణరక్షకుడే. అలలు ఒడ్డునకు త్రోసిన నీరు మరల లోపలికి పోవలెను గదా! అది కొన్ని తావుల నొకే పాయగ గూడి వడిగ పోవును. చిత్రమేమనగా, ఆ తావున అలలు విరుగక నీరు శాంతముగ గనబడును. ఎఱుగనివాడు అదియే మేలని యందు దిగును. పాయ లాగినప్పుడు దాని కెదురీదిన గజయీతగాడును అలసి మునిగిపోవును. భయపడక, ఒడ్డు వెంబడి ప్రక్కగా ఈది పాయ దాటి, పిమ్మట అలలతో గూడ ఒడ్డు చేరవలెను. ఈత రానివాడు తేలుచు చేయెత్తి పిలువవలెను. ఎఱుపు పసుపు గల జెండాల నడుమ నీరు కాపలాలో నున్నదని యర్థము. ఎఱ్ఱజెండా యున్నచో దిగరాదు. దీవి తీరముననైనను జాగ్రత్త తప్పదు. 2010లో రాధానగర్ చెంత నొక యాత్రికురాలు మొసలి వాత బడి మరణించెను.

ఆ దీవులను మన తీరమును ఒకే సముద్రము కలుపుచున్నది. 1989 నవంబరున సయాము సింధుశాఖలో పుట్టిన తుపాను అండమాను సముద్రమును దాటి వచ్చి మన కావలి చెంతనే తీరమును తాకెను. 2004 డిసెంబరు 26వ తేదీని సుమత్రా చెంత భూమి కంపించగా లేచిన సునామీ ఆ దీవులను ముంచి, మన రాష్ట్రతీరమున నూరుమందికి పైగా బలిగొనెను. 2007 నుండి హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. అయినను ఒక గురుతు మనస్సున నుంచుకొనుడు. సముద్రము అకస్మాత్తుగ వెనుకకు పోయి నేల బయటపడినచో చేపలను ఏరుకొన బోక, మెరక తావునకు పరుగెత్తవలెను.

మన తీరమున ప్రతిచోట ప్రాణరక్షకుడు గాని జెండా గాని యుండదు. కావున మా పాఠశాలలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకొంటిమి. పెద్దలు లేక నీటియొద్దకు పోరాదు. మోకాలి లోతు దాటరాదు. చేపల రేవు రాతిగోడల ప్రక్క ప్రవాహము వడిగ నుండును గనుక అచట స్నానము చేయరాదు. ఈశాన్యపు గాలుల నెలలలో దిగనే రాదు. దిగుటకు ముందు పాలెములోని పెద్ద నొకరిని అడుగవలెను. వారి మాట ఏ జెండాకును తీసిపోదు. తెచ్చిన కాగితములును సంచులును తిరిగి ఇంటికే తేవలెను. శీతకాలమున తాబేళ్లు గ్రుడ్లు పెట్టు ఇసుకలో దీపములు వెలిగింపరాదు. పిల్లతాబేళ్లు ఆ వెలుగునే సముద్రపు వెలుగనుకొని దారి తప్పును.

తలిదండ్రులారా, మీ బిడ్డలను సముద్రమునకు దూరముగ నుంచుడని మేము చెప్పము. సముద్రమునకు ఎల్ల నియమించిన దేవుడు దానిని చూచి ఆనందించు కన్నులను కూడ మనకిచ్చెను. అయితే ఆ యెల్లను ఎఱుగు బుద్ధిని నేర్పుట మనవంతు. ఈ సెలవులలో తీరమునకు పోయిన ప్రతి బిడ్డయు బడి తెరచు దినమున హాజరు పిలుచునప్పుడు తన స్థానమున నిలిచి పలుకవలెననియే మా ప్రార్థన.