రైలు బరువెక్కింది, పట్టా మోయలేకపోయింది
సౌత్ డకోటాలో సగానికి పైగా రైలు మార్గాలు ఎందుకు పోయాయి, మిగిలినవి ఎందుకు నిలిచాయి?

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో మామూలు ప్రయాణికుల రైలు ఆగిపోయి అర్ధ శతాబ్దం దాటింది. చివరి రైళ్లు 1969లో రద్దయ్యాయి. ఆ దేశపు ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ 1971లో మొదలైంది గానీ, ఈ రాష్ట్రానికి మాత్రం ఒక్క రైలూ నడపలేదు. ప్రధాన భూభాగంలోని 48 రాష్ట్రాల్లో ఆమ్‌ట్రాక్ ఎన్నడూ అడుగుపెట్టనిది ఇదొక్కటే. అక్కడ ఇప్పుడు రైలెక్కాలని సరదా పడితే బ్లాక్ హిల్స్ కొండల్లోకి వెళ్లాలి. హిల్ సిటీ, కీస్టోన్ ఊళ్ల మధ్య పర్యాటకుల కోసం ఆవిరి ఇంజన్‌తో ఒక చిన్న రైలు 1957 నుంచి నడుస్తోంది.

విస్తీర్ణంలో ఈ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది, సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 9 లక్షలకు కాస్త తక్కువ. కాబట్టి ప్రయాణికుల రైలు గిట్టుబాటు కాలేదంటే ఆశ్చర్యం లేదు. ఆలోచించాల్సింది గూడ్స్ రైళ్ల గురించి. గోధుమ, మొక్కజొన్న, సోయా పండించి వేల కిలోమీటర్ల దూరంలోని రేవులకు పంపే నేల ఇది. రైలు అవసరం ఎప్పుడూ తగ్గలేదు. అయినా ఒకప్పుడు 4,000 మైళ్లకు మించి, అంటే సుమారు 6,500 కిలోమీటర్లు ఉన్న రైలు మార్గాల్లో ఇప్పుడు సగం కూడా మిగల్లేదు.

కారణాల్లో కొన్ని అందరికీ తెలిసినవే. రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి, కంపెనీలు అప్పులపాలయ్యాయి. అంతగా చర్చకు రాని కారణం ఒకటుంది. అది ఇరుసు మీద పడే బరువు.

గుర్రపు బండికి సరిపోయే దూరం

1880ల నాటి డకోటాలో పట్టాలు ముందు పడ్డాయి, ఊళ్లు తర్వాత లేచాయి. చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీ 1880లో మిస్సోరీ నది ఒడ్డున ఉన్న పియెర్‌ను చేరింది. (స్థానికులు ఆ పేరును ‘పీర్’ అనే పలుకుతారు. 1889లో రాష్ట్రం ఏర్పడ్డాక అదే రాజధాని అయింది.) పోటీదారైన మిల్వాకీ రోడ్ కంపెనీ తూర్పు భాగమంతా వలలా అల్లుకుపోయింది. నదిని దాటి రాష్ట్రపు పడమటి కొసన ఉన్న రాపిడ్ సిటీకి రెండు కంపెనీలూ 1907లోనే చేరుకున్నాయి. మోబ్రిడ్జ్ అనే ఊరికి పేరు వచ్చిన తీరు కూడా రైలు కథే. మిస్సోరీ వంతెనను టెలిగ్రాఫ్ గుమాస్తా ‘మో. బ్రిడ్జ్’ అని పొట్టిగా రాసేవాడట, అదే ఊరి పేరై స్థిరపడిందని చెబుతారు.

దారి పొడవునా పది, పదిహేను కిలోమీటర్లకో స్టేషన్, దాని పక్కన ధాన్యం నిల్వచేసే ఎత్తైన కొయ్య గిడ్డంగి. దాన్ని ఎలివేటర్ అంటారు. రైతు గుర్రపు బండి మీద పంట తెచ్చి, దించి, చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగే దూరం అది. ఈ కొమ్మ మార్గాలకు బలమైన పట్టాలు వేయలేదు. గజానికి 60, 70 పౌండ్లు, అంటే మీటరుకు 30 నుంచి 35 కిలోల పట్టాలతో సరిపెట్టారు. మన దేశంలో ఇప్పుడు ప్రధాన మార్గాల మీద వేస్తున్నది మీటరుకు 60 కిలోల పట్టా. అప్పటి చిన్న ఇంజన్లకూ, చెక్క వ్యాగన్లకూ ఆ సన్న పట్టాలే చాలు.

సగం బరువు, పావు బలం

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం లారీ టైరుతో పోలిస్తే చాలా తక్కువ. చక్రం పట్టాను తాకే చోటు మన బొటనవేలి గోరంత ఉంటుంది. ఆ కాస్త చోటే టన్నుల బరువును మోస్తుంది గానీ దాదాపుగా నలగదు. టైరు మాత్రం ప్రతి చుట్టులోనూ నలిగి, మళ్లీ సాగి, ఆ క్రమంలో శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. రైలు చవక కావడానికి మూలం ఇదే. అయితే ఈ లాభం పూర్తిగా దక్కాలంటే ఒక్కో వ్యాగన్‌లో వీలైనంత ఎక్కువ నింపాలి, ఒక్కో రైలుకు వీలైనన్ని వ్యాగన్లు తగిలించాలి.

అమెరికా కంపెనీలు ఆ దారే పట్టాయి. సరుకుతో కలిపి వ్యాగన్ బరువు 2,63,000 పౌండ్లకు, తర్వాత 2,86,000 పౌండ్లకు చేరింది. అంటే దాదాపు 130 టన్నులు. నాలుగు ఇరుసులకు పంచితే ఒక్కోదాని మీద 32 టన్నులకు పైమాటే. భారతీయ రైల్వేలో గూడ్స్ వ్యాగన్ ఇరుసు భారం చాలా మార్గాల్లో 23 టన్నుల దగ్గర ఉంటుంది.

ఇంత బరువు మీటరుకు 32 కిలోల పట్టా మీద పడితే? పట్టా వంగకుండా నిలిచే గుణం దాని బరువుతో సమానంగా పెరగదు. ఆకారం ఒకేలా ఉన్నప్పుడు అది దాదాపు బరువు వర్గంతో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే బలం నాలుగింతలు, బరువు సగమైతే బలం పావు వంతు. సన్న పట్టా చక్రం కింద ఎక్కువగా కుంగి, కింది స్లీపర్‌ను కంకరలోకి నొక్కుతుంది. కంకర కదులుతుంది, మట్టి పైకి తేలుతుంది. ఒకసారి గుంట పడితే తర్వాతి ప్రతి చక్రం అక్కడే దెబ్బ కొడుతుంది.

అతుకుల దగ్గర ఇంకో చిక్కుంది. పాత అమెరికన్ పట్టా ముక్క పొడవు 39 అడుగులు. దాన్ని మోసుకొచ్చే వ్యాగన్ పొడవు 40 అడుగులు కావడమే ఆ లెక్కకు మూలం. అక్కడ ఎడమ, కుడి పట్టాల అతుకులు ఎదురెదురుగా రావు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అతుకు దగ్గర పట్టా కాస్త కుంగుతుంది గనుక వ్యాగన్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరుగుతూ పోతుంది. గంటకు 29 కిలోమీటర్ల వేగంతో 39 అడుగులు దాటడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. నిండుగా ధాన్యం పోసిన పొడవాటి వ్యాగన్ తనంతట తాను ఊగే సమయం కూడా ఇంచుమించు అంతే. ఉయ్యాల తిరిగొచ్చే క్షణానికి సరిగ్గా తోసినట్లు, ప్రతి అతుకూ ఊపును పెంచుతుంది. ఈ అనునాదం వల్ల గంటకు 24 నుంచి 32 కిలోమీటర్ల వేగం మధ్య చక్రాలు పట్టాల మీంచి లేచి వ్యాగన్లు తప్పిన సందర్భాలున్నాయి. వేగంగా పోదామంటే దారి బాగుండాలి, బాగులేకపోతే ఆ వేగానికి కిందనే ఉండాలి. అమెరికా భద్రతా నిబంధనల్లో అట్టడుగు తరగతి మార్గంలో గూడ్స్ రైలు వేగ పరిమితి గంటకు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు. డకోటా కొమ్మ మార్గాలెన్నో చివరికి దిగజారింది అక్కడికే. సైకిల్ వేగంతో నడిచే రైలుకు సిబ్బంది జీతమే భారమైపోతుంది.

అమ్మకానికి వచ్చిన మార్గాలు

మిల్వాకీ రోడ్ 1977 డిసెంబరులో దివాలా తీసింది. 1980లో పసిఫిక్ తీరం వైపు తన మార్గాన్ని వదిలేసింది. సౌత్ డకోటాలో వందల కిలోమీటర్ల పట్టాలు ఒక్కసారిగా అనాథలయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన స్టాగర్స్ చట్టం రైలు కంపెనీలకు సొంతంగా ధరలు నిర్ణయించుకునే వీలిచ్చింది, నష్టాల మార్గాలు వదులుకోవడం తేలికైంది.

గవర్నర్ విలియం జాంక్‌లో అప్పుడు చేసిన పని అమెరికాలో అరుదు. ప్రైవేటు రైళ్ల దేశంలో, ప్రభుత్వ జోక్యం అంటేనే ముఖం చిట్లించే రిపబ్లికన్ రాష్ట్రంలో, తాత్కాలికంగా అమ్మకపు పన్ను పెంచి ఆ డబ్బుతో ప్రభుత్వమే పట్టాలు కొనింది. నడిపే బాధ్యతను బర్లింగ్టన్ నార్దర్న్ కంపెనీకి అప్పగించింది. కొనాలనుకున్నా అన్నీ కొనలేరు. ఏ మార్గం ఉంచాలి, ఏది పీకేయాలి అన్న లెక్కలో ఊళ్ల గతి తేలిపోయింది. రైలు పోయిన ఊళ్లో ఎలివేటర్ మూతపడేది, తర్వాత కిరాణా కొట్టు, ఆ తర్వాత బడి. ఈ వరుసకు రైలొక్కటే కారణమనడం సరికాదు. పొలాలు పెద్దవై, రైతుల సంఖ్యే తగ్గిపోతున్న కాలం అది. అయినా దెబ్బ మొదట తగిలేది ధాన్యం ధరకే. రైతు చేతికి వచ్చే ధర అంటే రేవులో ధరలోంచి రవాణా ఖర్చు తీసేయగా మిగిలిందే. రైలు దూరమైతే ఆ మిగులు కరుగుతుంది.

పోయిన రైలు బరువు ఎటూ మాయం కాదు, రోడ్డు మీదికి వస్తుంది. ఒక వ్యాగన్‌లో పట్టే సుమారు 100 టన్నుల ధాన్యానికి నాలుగు లారీలు కావాలి. 1958-60లో ఇల్లినాయ్‌లో జరిపిన ప్రసిద్ధ పరీక్షల్లో తేలిన లెక్క ప్రకారం, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు భారానికి ఇంచుమించు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. భారం రెట్టింపైతే నష్టం పదహారింతలు. ఆ ఖర్చు రైలు కంపెనీ ఖాతాలో పడదు, కౌంటీ పన్నుల్లోంచి వస్తుంది.

కదిలే కట్ట, అమ్ముడుపోయే బంకమట్టి

నార్త్ వెస్టర్న్ వదిలించుకున్న మార్గం కథ వేరు. దాన్ని 1986లో డకోటా, మిన్నెసోటా అండ్ ఈస్టర్న్ అనే కొత్త కంపెనీ కొన్నది. పియెర్ దాటాక ఈ మార్గం బ్యాడ్ రివర్ లోయ వెంట పడమరకు సాగుతుంది. కింద ఉన్నది పియెర్ షేల్ అనే మెత్తని రాయి. డైనోసార్ల కాలపు చివరి దశలో, ఏడెనిమిది కోట్ల ఏళ్ల క్రితం, ఉత్తర అమెరికా నడుమ ఉన్న సముద్రపు అడుగున పేరుకున్న బురద అది. అగ్నిపర్వతాల బూడిద పొరలు పొరలుగా పడి అందులో బెంటోనైట్ బంకమట్టిగా మారింది. దాని ముఖ్య ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్. నానోమీటరు మందం రేకులు పేకముక్కల్లా పేర్చి ఉంటే, నీరు వాటి మధ్యకు దూరి ఎడంగా జరుపుతుంది. మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని బీటలు వారుతుంది.

కర్నూలు, ఆదిలాబాద్ రైతులకు ఈ వర్ణన కొత్త కాదు. నల్లరేగడిలో ఉన్నదీ ఇదే జాతి ఖనిజం. అక్కడిది బూడిద నుంచి వస్తే, దక్కన్ రేగడి ఎక్కువగా బసాల్ట్ రాయి శిథిలం నుంచి వచ్చింది. రేగడి నేల మీద రైలు కట్ట వేసే మన ఇంజినీర్లు పైన వేరే గట్టి మట్టి పొర పరిచేదీ, నీరు నిలవకుండా కాలువలు తీసేదీ ఇందుకే. బ్యాడ్ రివర్ లోయలో వానలు పడ్డాక కట్ట జారడం, పట్టా మెలిక పడటం పాత సమస్యే.

తమాషా ఏమిటంటే, ఆ మార్గానికి ఆదాయం తెచ్చే సరుకుల్లో బెంటోనైట్ ఒకటి. రాష్ట్రం వాయవ్య మూల అవతల వ్యోమింగ్‌లోని కాలనీ దగ్గర దాన్ని తవ్వి రైలుకెత్తుతారు. బోరుబావుల తవ్వకానికి, పోతపోసే అచ్చుల ఇసుకకు, ఇనుప ఖనిజం ఉండలు కట్టడానికి, పిల్లుల మలం పీల్చే పొడికి కూడా అది కావాలి. పట్టాను పైకెత్తే మట్టే పట్టాను పోషిస్తోంది.

వ్యోమింగ్ బొగ్గు గనుల దాకా మార్గం పొడిగించాలని ఆ కంపెనీ కన్న కల నెరవేరలేదు. 2007లో 230 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణం తిరస్కరణకు గురైంది. కంపెనీ కెనడియన్ పసిఫిక్ చేతికి పోయింది. పడమటి భాగాన్ని 2014లో జెనెసీ అండ్ వ్యోమింగ్ సంస్థ 21 కోట్ల డాలర్లకు కొని, రాపిడ్ సిటీ, పియెర్ అండ్ ఈస్టర్న్ పేరుతో నడుపుతోంది. ధాన్యం, బెంటోనైట్, సిమెంటు, ఎరువులు, ఇథనాల్ దాని సరుకులు. ఇథనాల్ నీటిని ఇట్టే కలుపుకుంటుంది గనుక మామూలు పెట్రోలు పైపులైన్లలో పంపడం కష్టం, అందుకే అది ఎక్కువగా ట్యాంకర్ రైళ్లలోనే పోతుంది. మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాలు రాకపోయి ఉంటే రాష్ట్రం తూర్పున మరికొన్ని మార్గాలు ఎప్పుడో పోయేవి.

నిలిచిన మార్గాల మీద వ్యాపారం కూడా మారిపోయింది. పాత ఎలివేటర్ నాలుగైదు వ్యాగన్లు నింపేది. ఇప్పటి కేంద్రం 110 వ్యాగన్ల రైలును ఒక రోజులోపే నింపాలి. సుమారు 11,000 టన్నులు, మన మామూలు గూడ్స్ రైలు మోసేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. రైలు పసిఫిక్ రేవు దాకా విడిపోకుండా పోతుంది, కిరాయిలో తగ్గింపు దొరుకుతుంది. ఇలాంటి కేంద్రం జిల్లాకొకటి ఉంటే ఎక్కువ. రైతు ఇప్పుడు గుర్రపు బండి దూరం కాదు, లారీలో గంటసేపు వెళ్లాలి.

ఒకే పెద్ద కంపెనీ మీద ఆధారపడటం ఎలా ఉంటుందో 2013-14లో తెలిసొచ్చింది. నార్త్ డకోటాలో బయటపడిన బక్కెన్ చమురు రైళ్లతో బీఎన్ఎస్ఎఫ్ మార్గాలు కిక్కిరిశాయి. వ్యాగన్లు వారాల తరబడి రాలేదు, ధాన్యం ఆరుబయట కుప్పలుగా పడింది. ఫెడరల్ నియంత్రణ మండలి కల్పించుకుని ప్రతివారం జాప్యం లెక్కలు చెప్పమని కంపెనీలను ఆదేశించాల్సి వచ్చింది.

ప్రభుత్వం కొన్న వాటిలో మిచెల్ నుంచి పడమరకు వెళ్లే పాత మిల్వాకీ మార్గం ఒకటి. గత దశాబ్దంన్నరలో రాష్ట్ర, ఫెడరల్ నిధులతో ముందు చాంబర్లేన్ దాకా, తర్వాత ప్రెషో దాకా బరువైన పట్టాలు, కొత్త స్లీపర్లు వేశారు. 130 టన్నుల వ్యాగన్లు నడవగలిగేలా దారి గట్టిపడ్డాకే ఆ పక్కన కొత్త ధాన్య కేంద్రాలు వచ్చాయి. 2021 నుంచి దీన్ని రింగ్‌నెక్ అండ్ వెస్టర్న్ అనే చిన్న కంపెనీ నడుపుతోంది. రింగ్‌నెక్ అంటే మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉన్న ఫెసెంట్, ఆ రాష్ట్ర పక్షి. మార్గం ఇంకా పడమరకు కడోకా దాకా ఉంది. అక్కడి నుంచి రాపిడ్ సిటీ వరకు రైళ్లు లేవు.