అప్పు కట్టకపోతే అరెస్టేనా..? చట్టం ఏం చెబుతోందంటే..

బాకీ కట్టాలని కోర్టు డిక్రీ ఇచ్చిందంటే ఇక జైలేనని చాలామంది హడలిపోతారు. కానీ అది అంత ఈజీ కాదు. వారెంట్ కంటే ముందు సాధారణంగా నోటీసు రావాలి. కట్టే స్తోమత ఉండీ ఎగ్గొడుతున్నాడనో, ఆస్తులు దాచేశాడనో కోర్టును ఒప్పించాల్సింది అప్పిచ్చినవాళ్లే. చేతిలో చిల్లిగవ్వ లేనివాడిని జైల్లో పెట్టడం 21వ అధికరణకు విరుద్ధమని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

డబ్బు డిక్రీల్లో మహిళలను అసలు అరెస్ట్ చేయకూడదు. చీకటి పడ్డాక ఇంట్లోకి వెళ్లి పట్టుకోకూడదు. బాకీ ఎంత పెద్దదైనా నిర్బంధం 3 నెలలు దాటదు. పైగా ఆ రోజుల తిండి ఖర్చు అప్పిచ్చినవాళ్లదే! అయితే జైలుకెళ్లొచ్చినా బాకీ మాఫీ కాదు, ఆస్తుల జప్తుకు దారి తెరిచే ఉంటుంది. చెక్ బౌన్స్ మాత్రం క్రిమినల్ కేసు, దానికి ఈ రక్షణలు వర్తించవు.