వెబ్ ఎ.పి.ఐ.లలో సురక్షిత పునఃప్రయత్నం: సూత్రాలు, ఆచరణ

ఉపోద్ఘాతం

ఒక విద్యార్థి పరీక్ష రుసుము చెల్లించడానికి ఆన్‌లైన్‌లో మీట నొక్కుతాడు. నిమిషం గడిచినా సమాధానం రాదు. మళ్ళీ నొక్కితే రుసుము రెండుసార్లు పోవచ్చు. ఊరుకుంటే అసలు చెల్లింపే జరగకపోవచ్చు. రెండు వ్యవస్థలు వెబ్ ఎ.పి.ఐ. ద్వారా సంభాషించే ప్రతిచోటా ఈ సందిగ్ధత ఉంటుంది. దీనిని ఎదుర్కొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

మౌనానికి గల అర్థాలు

అభ్యర్థన సర్వర్‌కు చేరకపోయి ఉండవచ్చు. చేరినా పని పూర్తికాకపోయి ఉండవచ్చు. పని పూర్తయి, సమాధానం మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. అభ్యర్థించిన పక్షానికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి గడువు దాటడం వైఫల్యానికి నిదర్శనం కాదు.

పునరుక్తి దోషం కాని పనులు

ఫ్యాన్ రెగ్యులేటర్‌ను 3వ అంకె వద్ద ఉంచమని ఎన్నిసార్లు చెప్పినా ఫలితం ఒక్కటే. ఒక అంకె పెంచమంటే మాత్రం చెప్పిన ప్రతిసారీ వేగం మారుతుంది. మొదటి ఆజ్ఞకున్న గుణాన్ని ఐడెంపొటెన్సీ అంటారు. 2022లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9110 ప్రకారం హెచ్.టి.టి.పి.లోని గెట్, పుట్, డిలీట్ పద్ధతులకు ఈ గుణం ఉంది, పోస్ట్‌కు లేదు.

చెల్లింపులు సాధారణంగా పోస్ట్ ద్వారానే జరుగుతాయి. అందువల్ల క్లయింట్ ప్రతి చెల్లింపుకూ ఒక విశిష్ట సంఖ్యను జతచేయాలి. సర్వర్ ఆ సంఖ్యనూ, ఫలితాన్నీ భద్రపరచి, అదే సంఖ్య మళ్ళీ వస్తే పని చేయకుండా పాత ఫలితాన్నే తిరిగి పంపాలి. ఈ సంఖ్యను తొలి ప్రయత్నానికి ముందే సృష్టించాలి. ప్రతి ప్రయత్నానికీ కొత్త సంఖ్య ఇస్తే సర్వర్ దానిని కొత్త చెల్లింపుగానే భావిస్తుంది.

విరామ నియమం

విఫలమైన క్లయింట్లన్నీ వెంటనే తిరిగి ప్రయత్నిస్తే కోలుకుంటున్న సర్వర్ మళ్ళీ కుప్పకూలుతుంది. అందుకే విరామాన్ని 1, 2, 4, 8 సెకన్లుగా పెంచుతూ, అందరూ ఒకే క్షణంలో రాకుండా దానికి కొంత యాదృచ్ఛికతను చేర్చాలి. సర్వర్ రిట్రై-ఆఫ్టర్ శీర్షికలో వ్యవధిని సూచిస్తే దానినే పాటించాలి. 429, 503 సంకేతాలకు పునఃప్రయత్నం సముచితం. 400 సంకేతం అభ్యర్థనలోని దోషాన్ని సూచిస్తుంది; దానిని సరిదిద్దకుండా తిరిగి పంపడం వ్యర్థం.

ముగింపు

ప్రయత్నాలకు పరిమితి ఉండాలి. పరిమితి ముగిసినప్పుడు విద్యార్థికి "చెల్లింపు విఫలమైంది" అని చూపడం సత్యం కాకపోవచ్చు. "ఫలితం ఇంకా తెలియలేదు" అని తెలిపి, అదే విశిష్ట సంఖ్యతో స్థితిని విచారించే వీలు కల్పించాలి. తెలియనిదానిని విఫలమైనదిగా ప్రకటించకపోవడమే సురక్షిత పునఃప్రయత్నానికి మూలసూత్రం.