కోత యంత్రానికి కొయ్య బుష్షు.. ఊళ్లోనే తయారీ

* విడిభాగం దొరకని వేళ వడ్రంగే ఆధారం
* నిదానంగా తిరిగే చోట మేలు.. వేగంగా తిరిగే చోట ముప్పు

సార్వా వరి కోతకు వచ్చే నవంబరు, డిసెంబరు నెలల్లో గోదావరి, కృష్ణా డెల్టా రైతుకు ప్రతి రోజూ విలువైనదే. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిగ్‌జాం తుపాను, కోతకు సిద్ధంగా ఉన్న చేలను నేలకు వాల్చి ఆ సంగతిని మరోసారి గుర్తుచేసింది. అటువంటి రోజుల్లో అరచేతిలో ఇమిడే ఒక బుష్షు అరిగి కోత యంత్రం మడి మధ్యలో నిలిచిపోతే, పట్నం నుంచి విడిభాగం వచ్చేదాకా పంట వాన దయపై ఆధారపడవలసిందే. ఎండిన చేవకర్ర చేతిలో ఉంటే ఇటువంటి కొన్ని భాగాలను ఊరి వడ్రంగి ఒక్కరోజులోనే తయారు చేయగలడు. అయితే ఏ భాగానికి కొయ్య పనికివస్తుంది, ఏ భాగానికి పనికిరాదు అన్న విచక్షణ తప్పనిసరి.

కంపెనీ బిగించేదీ కొయ్యే

కోత యంత్రం వెనుక భాగంలో గడ్డిని ఎగరవేస్తూ, అందులో చిక్కుకున్న గింజలను రాల్చే పొడవాటి చట్రాలు వరుసగా ఉంటాయి. వీటిని స్ట్రా వాకర్లు అంటారు. వీటిని ఆడించే క్రాంకు షాఫ్టు నిమిషానికి సుమారు 200 చుట్లు మాత్రమే తిరుగుతుంది. ఆ షాఫ్టుకు, చట్రానికి మధ్య చాలా నమూనాలలో కంపెనీలే నూనెలో నానిన కొయ్య దిమ్మెలను బిగిస్తాయి. వాకర్లు లేని గొలుసు చక్రాల యంత్రాలలో ఈ భాగం ఉండదు.

కొయ్యను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ధూళి, ఊక నిండిన చోట గ్రీజు పూస్తే మట్టి అంటుకుని షాఫ్టును గీకుతుంది. నూనె పీల్చిన కొయ్యకు పైపూత అక్కరలేదు. షాఫ్టు తిరిగి వేడెక్కిన కొద్దీ లోపలి నూనె ఊరి పైకి వస్తుంది. పైగా ఖరీదైన షాఫ్టుకు బదులు చవకైన దిమ్మె ముందుగా అరుగుతుంది. 1850 దశకంలో ఇంగ్లండు ఇంజినీరు జాన్ పెన్, లిగ్నమ్ వైటీ అనే గట్టి కర్రతో ఆవిరి ఓడల ప్రొపెల్లర్ షాఫ్టుకు బేరింగులు అమర్చి ఈ పద్ధతి సత్తాను చాటాడు.

పాత నాగలి కర్ర శ్రేష్ఠం

కర్ర గట్టిగా, పూర్తిగా ఎండి, చేవదేరి ఉండాలి. మన ప్రాంతంలో నాగళ్లకు, బండ్లకు తరతరాలుగా వాడుతున్న నల్లతుమ్మ ఇందుకు అనువైనది. పచ్చికర్ర ఆరిన కొద్దీ ముడుచుకుని, రంధ్రం గుండ్రదనం కోల్పోయి షాఫ్టును పట్టేస్తుంది. అందువల్ల కొత్తగా చెట్టు కొట్టడం కంటే, మూలన పడి ఉన్న పాత నాగలి, బండి కర్రలలో పగుళ్లు, ముడులు లేని ముక్కను తీసుకోవడమే మేలు. చెదలు తిన్నది, బూజు పట్టినది పనికిరాదు.

తయారీ ఇలా..

పాత దిమ్మెను పారవేయకుండా కొలతలకు ఉంచుకోవాలి. దాని ఎత్తు, వెడల్పు, బోల్టు రంధ్రాల మధ్య దూరం యథాతథంగా రావాలి. కొత్తగా కొలత నిర్ణయించవలసి వస్తే, దిమ్మె పొడవు షాఫ్టు మందానికి కనీసం రెట్టింపు ఉండాలన్నది సూత్రం. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు 50 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

రెండు సగాలనూ ముఖాలు కలిసేలా చిత్రిక పట్టి, క్లాంపుతో గట్టిగా బిగించి, అతుకు గీతపైనే కేంద్రం ఉండేలా రంధ్రం తొలవాలి. షాఫ్టు చేతితో తిప్పితే సులువుగా తిరగాలి, అటూ ఇటూ ఊగరాదు. కర్ర నార వెంట చీలుతుంది కనుక బోల్టు రంధ్రాలను అంచుకు మరీ దగ్గరగా వేయకూడదు.

రంధ్రాలన్నీ పూర్తయ్యాకే నూనె పట్టించాలి. ఇంజిన్ ఆయిల్‌లో దిమ్మెలను ముంచి సన్నని సెగపై వేడి చేస్తే కర్ర లోపలి గాలి, తేమ బుడగలుగా బయటికి వస్తాయి. బుడగలు ఆగిపోయాక సెగ తీసివేసి, దిమ్మెలను ఆ నూనెలోనే చల్లారనివ్వాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చల్లబడే కొద్దీ లోపల మిగిలిన గాలి కుదించుకుపోయి, ఆ ఖాళీలోకి నూనె చేరుతుంది. వేడిగా ఉండగానే తీసివేస్తే కర్ర గాలినే పీలుస్తుంది.

ఈ పని ఆరుబయటే చేయాలి. తేమ ఉన్న కర్ర నూనెను పొంగిస్తుంది కనుక పాత్రను సగానికి మించి నింపరాదు. మూత, ఇసుక సిద్ధంగా ఉంచుకోవాలి. మంట అంటుకుంటే నీళ్లు చల్లకూడదు. వాడేసిన ఆయిల్ చర్మానికి హానికరం కాబట్టి చేతి తొడుగులు ధరించాలి. అవిసె నూనె వంటివి ఆరితే జిగురుగా మారతాయి కనుక ఇందుకు తగవు.

అరిగినా మళ్లీ వాడవచ్చు

యంత్రం నడుస్తుండగా వెనుక నుంచి టకటకమనే చప్పుడు వస్తే దిమ్మె అరిగిందని గ్రహించాలి. ఇంజిన్ ఆపి, రెండు సగాల అతుకు ముఖాలను కొద్దిగా చిత్రిక పట్టి తిరిగి బిగిస్తే ఆ సీజను గడుస్తుంది. ఒక వాకరుకు ముందు, వెనుక ఉన్న దిమ్మెలను జతగా మార్చడం మంచిది. నిర్లక్ష్యం చేస్తే వాకర్లు ఒకదానికొకటి తగిలి షాఫ్టే దెబ్బతింటుంది.

గడ్డి కోసే యంత్రాన్ని, స్ప్రేయరును స్టార్టు చేసే తాడు పిడి విరిగినా, తరిమెన పట్టిన కర్ర పిడి చక్కగా సరిపోతుంది. తాడు ముడి కర్రలోకి దిగిపోకుండా మధ్యలో వాషరు వేయాలి.

ఇక్కడ మాత్రం వద్దు

నిమిషానికి వేల చుట్లు తిరిగే గడ్డికోత యంత్రం బ్లేడుకు గానీ, దాని బిగింపు భాగాలకు గానీ కొయ్య వాడరాదు. నూర్పిడి యంత్రం డ్రమ్ము, పుల్లీలు, ఫ్లైవీలు, పవర్ టిల్లరు క్లచ్చు, బ్రేకు లివర్లు, ట్రాలీని తగిలించే పిన్ను సైతం ఇంతే. వేగం రెట్టింపైతే భాగాన్ని బయటికి విసిరే బలం నాలుగు రెట్లవుతుంది. అక్కడ పగిలిన కొయ్య ముక్క పక్కనున్న మనిషికి తగిలితే ప్రాణాపాయమే. సైలెన్సరు, పెట్రోలు ట్యాంకు దగ్గర నూనె పట్టించిన కర్రను అమర్చడమూ ప్రమాదకరం.

పరీక్ష సులువైనదే. ఆ భాగం విరిగితే యంత్రం కేవలం ఆగిపోతుందా, లేక మనిషి మీదికి వస్తుందా అని ఆలోచించాలి. ఆగిపోయేదైతే వడ్రంగి దగ్గరికి, మీదికి వచ్చేదైతే దుకాణానికి వెళ్లాలి. మరమ్మతు కోసం తీసిన రక్షణ కవచాలను మళ్లీ బిగించనిదే ఇంజిన్ స్టార్టు చేయరాదు.

కోతలు మొదలవక ముందే రెండు జతల దిమ్మెలు చేయించి, నూనె డబ్బాలో మూతపెట్టి ఉంచుకుంటే, ఆకాశం మబ్బు పట్టిన రోజున విడిభాగం కోసం పట్నానికి పరుగు తీయవలసిన అవసరం ఉండదు.