తన నెత్తురే తన మందు

పెరటిచెట్టు మందునకు రాదని లోకోక్తి. చేరువ నున్న వస్తువునకు మన మిచ్చు విలువ యంతంతమాత్రమే. మనుష్యునకు పెరటికంటెను చేరువైనది తన యొడలి రక్తము. ఆ రక్తమునుండియే, వేఱొక యౌషధము కలుపక, నోటిగాయము మానుటకు సాధనము తీయు పద్ధతి యొకటి గలదు. అందు నమ్మదగిన దెంత, నమ్మరాని దెంత యను విషయమును నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

పన్ను పెరికిన పిమ్మట నా గుంట నెత్తురుతో నిండి గడ్డకట్టును. ఆ గడ్డయే ప్రకృతి కట్టిన కట్టు. అది కరగినను, ఊడినను ఎముక బయల్పడి, రెండవ దినము మొదలు నాల్గవ దినములోపల దుర్భరమైన పోటు పుట్టును. దంతవైద్యులు దీనిని డ్రై సాకెట్ అందురు. క్రింది దవడనుండి జ్ఞానదంతమును తీయించుకొన్న వారి కీ బాధ హెచ్చు. పొగత్రాగువారికి మఱింత హెచ్చు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో చుట్టిన బీడీల లెక్కన కూలి పుచ్చుకొను స్త్రీకిగాని, నేసిన బట్ట లెక్కన కూలి పుచ్చుకొను మరమగ్గపు పనివానికిగాని నోటిపోటుతో గడచిన నాలుగు దినములు కూలి పోయిన నాలుగు దినములే. కావున నిది చిన్న విషయము కాదు.

ఈ పద్ధతిలోని కీలకము ముత్యంపేట రైతులకు క్రొత్తది కాదు. 2015లో మూతపడిన యచటి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలినవారు ఎరుగుదురు: చిక్కని పాకమును జల్లెడగోడ గల పాత్రలో పోసి మహావేగముగ త్రిప్పగా, మడ్డి వెలికి చిమ్మబడి చక్కెరపలుకులు లోపల నిలుచును. రక్తమును వేఱుచేయునదియు నీ త్రిప్పుడే. అక్కడ పని జల్లెడది. ఇక్కడ పని బరువుది.

రోగి చేతినరమునుండి సుమారు 10 మిల్లీలీటర్ల రక్తము తీసి, గడ్డకట్టనీయని మందేదియు లేని గాజుగొట్టములో నింపి, ఆలస్యము చేయక సెంట్రిఫ్యూజ్ యంత్రమున త్రిప్పుదురు. ప్రసిద్ధమైన యొక విధానమున వేగము నిమిషమునకు 2700 చుట్లు, కాలము 12 నిమిషములు. ఎఱ్ఱకణములు అడుగునకు దిగును. పసుపువన్నె ద్రవము పైకి తేలును. నడుమ మెత్తని గడ్డ యేర్పడును. సిరిసిల్ల బట్టలో పడుగుపేకలవలె, అందు ఫైబ్రిన్ అను సన్నని పోగులు అల్లుకొని ప్లేట్‌లెట్లను, తెల్లకణములను పట్టియుంచును. దానిని మెల్లగా నొత్తి పొరగా చేసి గుంటలో నుంచి కుట్టుదురు. గాయమును మాన్పు వృద్ధికారకములు దానినుండి కొన్ని దినములవఱకు కొంచెము కొంచెముగ విడుదల యగును.

అమెరికాలో రాబర్ట్ మార్క్స్ ప్రభృతులు 1998లో ప్లేట్‌లెట్లు దట్టముగ నున్న ప్లాస్మాను దవడయెముక చికిత్సలో వాడి చూపిరి. దానికి ముందుగా రక్తము గడ్డకట్టకుండ నొక మందును, పిదప గడ్డకట్టుటకు పశురక్తమునుండి తీసిన థ్రాంబిన్‌ను వలసెను. 2001లో ఫ్రాన్సు దేశమున జోసెఫ్ షుక్రూన్ ప్రభృతులు ఆ రెండింటిని విడిచి, రక్తమునకు సహజమైన గడ్డకట్టు గుణమునే యుపయోగించుకొనిరి. వైద్యమునకు సౌలభ్యము, వ్యయమునకు తగ్గుదల యిట్లు కలిగెను. తన రక్తమే గావున అన్యుల రక్తమువలన వచ్చు రోగముల భయమును లేదు.

అయినను దీనిని సంజీవనిగా చాటుట యన్యాయము. జ్ఞానదంతము తీసిన పిమ్మట నొప్పిని, డ్రై సాకెట్‌ను ఇది తగ్గించునని పెక్కు పరిశోధనలు తెలుపుచున్నవి. క్రొత్త యెముక త్వరగా పెరుగునని చెప్పుటకు మాత్రము సాక్ష్యము లేకరీతిగా లేవు. ప్లేట్‌లెట్లు తక్కువైనవారికి, రక్తము పలుచనగుటకు మందులు వాడువారికి గడ్డ సరిగా నేర్పడకపోవచ్చును. మధుమేహము ముదిరినవారు ముందు దానిని అదుపునకు తెచ్చుకొనవలెను. సూదియు గొట్టమును శుచిగా లేనిచో మేలునకు మాఱు కీడు గలుగును. పన్ను పెరికించుకొన్ననాడే బీడీ ముట్టించువానిని ఏ పొరయు కాపాడజాలదు.

జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వానితో ముడివడిన యాసుపత్రుల దంతవిభాగములలో తగిన యంత్రమును, శరీరమునకు హాని చేయని గొట్టములను, శిక్షణపొందిన చేతులను సమకూర్చుట ప్రభుత్వమునకు మోయరాని భారము కాదు. ధనికుడు పట్టణమునకు పోయి రుసుము చెల్లించి పొందు సౌకర్యము బీడీలు చుట్టు తల్లికి తన జిల్లాలోనే దొరకవలెను. దంతవైద్యులును కత్తి పట్టుటకు ముందే దీని గుణమును, హద్దును, ఖర్చును రోగికి విప్పి చెప్పవలెను. రోగియు జంకక అడుగవలెను. తన నెత్తురు తనకు మందగునపుడు దాని కొఱకు అప్పుచేయవలసిన గతి ఎవ్వరికిని పట్టరాదు.