గోలు కొట్టనివాడి కథ

మన రాజమహేంద్రవరంలో ఏటిగట్టు మీద నడవనివాడు లేడు. కానీ గట్టు గురించి మాట్లాడుకునేది మాత్రం గండి పడినప్పుడే. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్ళని అడగండి. ఎక్కడెక్కడ గట్టు తెగిందో చెబుతారు, తెగకుండా నిలబడిన మైళ్ళ కొద్దీ గట్టు సంగతి ఎవరూ ఎత్తరు.

ఫుట్‌బాల్‌లో బ్యాక్ ఆడేవాడి బతుకు సరిగ్గా ఇదే. గోలు కొట్టినవాణ్ణి భుజాలమీద ఎక్కించుకుంటాం. తొంభై నిమిషాలసేపు పది గోళ్ళు కాకుండా ఆపినవాడు ఒక్కసారి జారిపడితే, “వాడి వల్లే ఓడిపోయాం” అంటాం. అందుకే ఈ సంచికలో ఆ గోలు కొట్టనివాడి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు అతని పనేమిటో చూద్దాం. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అంత ద్వారాన్ని ఒక్క గోల్‌కీపరు కాయలేడు. అంచేత బంతి అక్కడిదాకా రాకుండా చూడటం బ్యాక్‌ల వంతు. తెలియనివాళ్ళు బంతి కనబడగానే కాలు విసరటమే ఈ పని అనుకుంటారు. అలా విసిరినవాడు సగంసార్లు బోల్తాపడతాడు. మంచి బ్యాక్ తొందరపడడు. ఎదుటివాణ్ణి గోలు వైపు పోనీయకుండా మెల్లగా పక్క గీత వైపు నెట్టుకుపోతాడు. బంతిని కాక మనిషి నడుముని చూస్తాడు. కాళ్ళు అబద్ధం చెబుతాయి గాని నడుము చెప్పదు. చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి పట్టినవాళ్ళకి ఈ రహస్యం నేను చెప్పక్కర్లేదు.

ఈ కళ ఒక్క మన ఫుట్‌బాల్‌కే పరిమితం కాదు. కెనడాలో ఫుట్‌బాల్ అంటే వేరే ఆట. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకి 12 మంది. మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. మూడు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. అక్కడ వెనక కాపలా ఉండేవాణ్ణి డిఫెన్సివ్ బ్యాక్ అంటారు. అతనికున్న చిక్కేమిటంటే, బంతి ఆటలోకి రాకముందే ఎదుటి జట్టు రిసీవర్లు పరుగు మొదలెట్టవచ్చు. వాళ్ళు పూర్తి వేగంతో మీదికొస్తుంటే ఇతను వెనక్కి అడుగులేస్తూ, వాళ్ళు ఎటు తిరుగుతారో కనిపెట్టి, అదే క్షణంలో తానూ తిరగాలి. 1958లో ఏర్పడిన కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఇది జీతం పుచ్చుకుని చేసే వృత్తి. మోకాలు సహకరించినంత కాలమే ఉద్యోగం!

ఇహ మన సంగతికొద్దాం. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 తేడాతో చిత్తయింది. మనవాళ్ళలో చాలామందికి కాళ్ళకి బూట్లు కూడా లేవు. నాలుగేళ్ళ తరవాత, 1956లో, మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి స్కోరు 4–1. ఓటమి ఓటమే కాని, పదికీ నాలుగుకీ మధ్య ఉన్న ఆ ఆరు గోళ్ళలో ఎంత చెమట ఉందో ఆలోచించండి. ఆ ఏడాది మనకి నాలుగో స్థానం వచ్చింది. రెండుసార్లూ శిక్షకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం గారే. హైదరాబాదు బ్యాక్ అజీజుద్దీన్ గారు ఆ రెండు జట్లలోనూ ఉన్నారు. రహీం గారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆ పోలీసు జట్టులోంచే వచ్చిన మరో బ్యాక్ సయ్యద్ నయీముద్దీన్ గారు. 1944లో హైదరాబాదులో పుట్టారు. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కెప్టెన్ ఆయనే. మూడో స్థానం పోటీలో జపాను మీద 1–0తో గెలిచి కాంస్యం తెచ్చారు. ఒక్క గోలు తేడా ఆట అంటే అది బ్యాక్‌ల ఆటే కదా! ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తరవాత పతకం రాలేదు. అదే ఏడాదికి ఆయనకి అర్జున అవార్డు దక్కింది.

ఆట మానేశాక ఆయన కోచ్ అయ్యారు. క్రమశిక్షణ విషయంలో బహు కఠినుడని పేరు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజనులో ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ఆ ఏడాదికే ద్రోణాచార్య అవార్డు. 1997లో, 2005లో దక్షిణాసియా విజేతలైన భారత జట్లకి ఆయనే కోచ్. వెనక నిలబడినవాడికి మైదానమంతా కనబడుతుంది. బ్యాక్‌లు మంచి గురువులు కావటంలో వింత లేదని నా అభిప్రాయం.

ఇక్కడ మన విద్యార్థులు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ తరం వాళ్ళకి ఆట వెనకాల ఒక ఉద్యోగం ఉండేది. పోలీసు, రైల్వే, బ్యాంకు ఇలా ఏదో ఒకటి. జీతం తక్కువే అయినా కాలు విరిగితే వీధిన పడరు. ఇప్పుడు 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ వంటివి వచ్చి డబ్బు పెరిగింది, భద్రత తగ్గింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో లీగు కప్పే గెలిచింది. 2025 వచ్చేసరికి క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన ఊళ్ళోనే జట్టు లేకుండా పోతే, అందులో చేరాలని కలగన్న కుర్రాడు ఎటుపోవాలి?

అలాగని ఆట మానమని నేననను. ఆడండి, గట్టిగా ఆడండి, కాని డిగ్రీని వదలకండి. రెండూ చేతిలో ఉంటే ఒకటి జారినా ఒకటి నిలుస్తుంది. బ్యాక్ ఆడేవాడికి ఈ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. తన వెనకాల ఎవరున్నారో చూసుకోకుండా అతను ముందుకు పోడు.

చివరిగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఏటా క్రీడోత్సవాల్లో ఎక్కువ గోళ్ళు కొట్టినవాడికి బహుమతి ఇస్తున్నారు, సంతోషం. వచ్చే ఏడు నుంచి తక్కువ గోళ్ళు ఇచ్చిన జట్టు బ్యాక్‌లకి కూడా ఒక చిన్న కప్పు పెట్టండి. దానికయ్యే ఖర్చు ఏపాటి? ఆ కప్పు అందుకున్న కుర్రాడు మాత్రం తన పనికి ఒక పేరుందని మొదటిసారి తెలుసుకుంటాడు.