మార్పు అభ్యర్థనల నమోదులో వ్యాఖ్యల చరిత్ర పరిరక్షణ

సాఫ్ట్‌వేర్‌లో ఏం మారిందో కోడ్ చెబుతుంది. ఎందుకు మారిందో, ఏ ప్రత్యామ్నాయాలు ఏ కారణంతో తిరస్కృతమయ్యాయో తరచుగా మార్పు అభ్యర్థనపై నమోదైన వ్యాఖ్యలే చెబుతాయి. అభ్యర్థన ‘పరిశీలన’ నుంచి ‘ఆమోదం’ దశకు చేరినప్పుడు పాత వ్యాఖ్య స్థానంలో కొత్తది చేరే ఏర్పాటు ఉంటే ఆ హేతువు చెరిగిపోతుంది. కాబట్టి ప్రతి వ్యాఖ్యను రాసినవారి పేరు, సమయం, నాటి దశలతో విడిగా భద్రపరచాలి; సవరణ జరిగినా పూర్వపాఠం నిలవాలి.

వ్యవస్థ మారేటప్పుడు ఈ అవసరం మరింత స్పష్టమవుతుంది. పైథాన్ అభివృద్ధి బృందం 2022 ఏప్రిల్‌లో తన సమస్యల నమోదును రౌండప్ నుంచి గిట్‌హబ్‌కు తరలించినప్పుడు పాత వ్యాఖ్యలనూ తరలించింది. పాత నమోదును చదవడానికి మాత్రమే వీలుగా నిలిపింది. అందువల్ల పాత సమస్యాసంఖ్య నేటికీ నాటి చర్చకు దారి చూపుతుంది. నిర్ణయం మిగిలి కారణం నశిస్తే, ముగిసిన వాదమే మళ్లీ మొదలవుతుంది.